లేయమ్మ గారి పుస్తకంలో చిల్లులు

పాత కాగితాలను బాగుచేసే ఉద్యోగంలో ముప్పై రెండేళ్ళు ఉన్నాను. రిటైరైన రోజున నా మెడలో వేసిన దండలో సగం పూలు అప్పటికే వాడిపోయి ఉన్నాయి. మాట్లాడిన నలుగురూ నేను వేళకు వచ్చేవాడినని మెచ్చుకున్నారు. ఏం పని చేశానో ఒక్కరూ చెప్పలేదు. చెబుదామన్నా వాళ్ళకు తెలియదు. రాజమండ్రిలో మా పాత రికార్డుల ఆఫీసులో నా గది మెట్ల కింద ఉండేది. అన్నేళ్ళలో ఆ గదిలోకి తల వంచి వచ్చిన ఆఫీసర్లు ముగ్గురే. వాళ్ళ పేర్లు నాకు గుర్తున్నాయి. రానివాళ్ళ పేర్లు ఇంకా బాగా గుర్తున్నాయి.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. ఏది ఎంత కలపాలి, ఎంతసేపు ఆరబెట్టాలి అని అడుగుతారు. అవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. పుస్తకాల్లో లేనిది ఒకటి చెబుతాను. అది నేను చేసిన తప్పు. నా పట్ల ఇతరులు చేసిన తప్పులు కూడా మధ్యమధ్య వస్తాయి. వాటిని దాచిపెట్టి పెద్దమనిషిని అనిపించుకోవాలని నాకు లేదు.

మెట్ల కింద గది

మా దగ్గరికి వచ్చేవన్నీ రోగులే. చెదలు తిన్న కరణాల దస్తరాలు, తడిసిన కాలువల మ్యాపులు, తాటాకు ప్రతులు, చర్చి రిజిస్టర్లు. తాటాకుకు నిమ్మగడ్డి నూనె రాయాలి. కాగితానికైతే మైదా జిగురు కాచి, పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం వేసి, వెనకవైపు పల్చటి టిష్యూ అతికించాలి. చిల్లు పడితే అదే రంగు కాగితం ముక్కలు నానబెట్టి, మెత్తటి గుజ్జు చేసి, చుక్క చుక్కగా నింపాలి. ఆరాక నున్నటి బద్దతో రుద్దాలి. బాగా చేస్తే అక్కడ చిల్లు ఉండేదన్న సంగతి వేలికి కూడా తెలియదు. ఆ పనిలో నా అంత చేయి రెండు గోదావరి జిల్లాల్లోనూ లేదు. గొప్పకు చెప్పడం లేదు. ఆ గొప్పే నన్ను ముంచింది కాబట్టి చెబుతున్నాను.

పని నేర్పింది ముత్యాలు గారని ఒక పాత బైండరు. ఆయన నాకు ఒకే మాట వందసార్లు చెప్పి ఉంటారు. "చిల్లు కనబడగానే చెయ్యి వెనక్కి లాక్కోరా. అదెందుకు పడిందో కనుక్కున్నాకే గుజ్జు కలుపు."

"ఎందుకు పడుతుందండీ, పురుగు తింటే పడుతుంది."

"అన్నీ నీకే తెలిస్తే ఇంక నేనెందుకురా," అని బీడీ కట్ట తీసుకుని వీధిలోకి వెళ్ళిపోయేవారు. కాగితాల గదిలో ఆయన ఏనాడూ అగ్గిపుల్ల గీయలేదు.

శనివారం వాళ్ళు

తొంభైల మధ్యలో ఒక తుఫాను వచ్చింది. తీరం ఊళ్ళలో కాగితమన్నది తడవకుండా మిగల్లేదు. పాడైన పాత ప్రతులు ఏవైనా పట్టుకొస్తే బాగుచేసి ఎగ్జిబిషన్ పెడదామని మా సూపరింటెండెంటు గారు నన్ను ఊళ్ళ మీదికి పంపారు. ఆయన పేరు ఇక్కడ రాయను. ఆ ఎగ్జిబిషన్‌కు వేసిన చిన్న పుస్తకంలో ఆయన నా పేరు రాయలేదు.

నరసాపురంలో రేవుకు వెళ్ళే దారిలో ఒక ఇరుకు సందు. అందులో ఐదు ఇళ్ళ వాళ్ళను ఊళ్ళో శనివారం వాళ్ళనేవారు. వాళ్ళు యూదులు. బట్టల వ్యాపారం మీద ఓడల్లో వచ్చిన తాతలు ఇక్కడే ఉండిపోయారని చెప్పుకుంటారు. దానికి కాగితం రుజువు నాకు దొరకలేదు. కాగితం లేకపోతే ఆ సంగతి జరగనే లేదనుకునే పిచ్చి మా ఉద్యోగంలో చాలామందికి ఉంటుంది. నాకూ ఉండేది. వాళ్ళు మాట్లాడేది మన తెలుగే. శుక్రవారం పొద్దుగూకే ముందు రెండు దీపాలు వెలిగిస్తారు. శనివారం పొయ్యి రాజేయరు, సూది పట్టరు. పొలుసు లేనిదేదీ నీళ్ళలోంచి తెచ్చుకుని తినరు.

సందు చివరి ఇంట్లో లేయమ్మ గారు ఉండేవారు. డెబ్భై దాటిన మనిషి. యాభై ఏళ్ళు లేసు అల్లి కళ్ళు పోగొట్టుకున్నారు. వెలుతురూ చీకటీ తెలుస్తాయి, అక్షరం తెలియదు. తోడుగా మేనకోడలు ఎస్తేరు ఉండేది.

నేను గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే పక్కింటావిడ గోడ మీంచి చూసింది. "వాళ్ళింట్లో భోజనానికి కూర్చోకండి సార్. నరసాపురంలో పుట్టి రొయ్య రుచి తెలీని మనుషులు."

లోపలి నుంచి జవాబు వచ్చింది. "నా నోటి సంగతి తరవాత గానీ సుబ్బులూ, నిన్న పట్టుకెళ్ళిన చేట తెచ్చివ్వు ముందు."

గోడకు ఇవతలా అవతలా ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆవిడ పెట్టెలోంచి తీయించిన పుస్తకం పొడుగ్గా, సన్నగా ఉంది. అందులో ఉన్నవి హీబ్రూ ప్రార్థనలు, పాటలు. అక్షరాలు మాత్రం తెలుగువి. రాసింది లేయమ్మ గారి నాయనమ్మ. హీబ్రూ లిపి చదవగలిగినవాళ్ళలో ఆమే ఆఖరు. తన తరవాతి వాళ్ళు నోరు తిప్పలేకపోతారని భయపడి, ఉన్నదంతా తెలుగులో రాసిపెట్టింది. పాడాల్సింది మగవాళ్ళట. ఆ సందులో పాడగలిగిన మగవాళ్ళు మిగల్లేదు. కొందరు పోయారు, కొందరు పెళ్ళిళ్ళయి ఆదివారం చర్చికి వెళుతున్నారు. అందుకని లేయమ్మ గారే పాడించేవారు. తుఫాను నీళ్ళకు పుస్తకం అట్ట ఊడింది, చివరి పేజీలు అతుక్కున్నాయి.

ఆఫీసు రిజిస్టరులో ఎక్కించడానికి వివరాలు చెప్పినప్పుడు సూపరింటెండెంటు గారు కళ్ళజోడు తీశారు. "యూదులా? నరసాపురంలోనా? ఎస్తేరు అంటే క్రైస్తవులేగదయ్యా. ఆ కాలమ్‌లో రాసెయ్."

"కాదండి. వాళ్ళకు శనివారం ముఖ్యం."

"శనివారమైతే వేంకటేశ్వరస్వామి భక్తులని రాయి, పోనీ."

గదిలో ఉన్న ఐదుగురూ నవ్వారు. రిజిస్టరులో చివరికి క్రైస్తవ కీర్తనలని ఎక్కింది. ఆ మాట మార్చమని మూడు ఉత్తరాలు పెట్టాను. మూడింటి నకళ్ళూ ఇప్పటికీ నా దగ్గరున్నాయి. జవాబులు లేవు.

ఉండమన్న శుక్రవారం

ఆవిడ దగ్గర నుంచి నేను ఆ పుస్తకం తీసుకెళ్ళిన రోజు శుక్రవారం.

"ఇవాళ పొద్దుగూకేదాకా ఉండు బాబూ," అన్నారు లేయమ్మ గారు. "అందరూ వస్తారు, పాడతాం. విను. విన్నాక ఆదివారం పట్టుకెళ్ళు."

"బండి తప్పిపోతుందమ్మగారూ."

"ఎల్లుండి బండి లేదేంటి?"

"ఎగ్జిబిషన్ దగ్గరపడిందండి."

ఆవిడ పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఒక పేజీ మీద కుడిచేతి చూపుడు వేలిని మెల్లగా నడిపించారు. కళ్ళు లేనివాళ్ళు అన్నీ తడుముతారు కదా అనుకున్నాను. తరవాత పుస్తకాన్ని ముద్దుపెట్టుకుని నా చేతుల్లో పెట్టారు.

"కొత్తదానిలా చేసి తెస్తానండి."

"కొత్తదెందుకు?" అన్నారు.

అప్పటికే నా కాళ్ళు చెప్పుల్లో ఉన్నాయి.

గుజ్జు

ఏ కాగితాన్నైనా ముట్టుకోకముందు ప్రతి పేజీకీ ఫొటో తీయాలి. అది మా పనిలో మొదటి నియమం. ఫిల్ము రోళ్ళ కోసం దరఖాస్తు పెట్టాను. "పురుగు తిన్న చిల్లుకు ఫొటో ఎందుకయ్యా, అదేమన్నా నీ పెళ్ళి ఆల్బమా?" అన్నారు సూపరింటెండెంటు గారు. అదే వారంలో ఎవరో పెద్దాయన మా ఆఫీసుకు వస్తే, ఆయన మెట్లెక్కడం, దిగడం, టీ తాగడం అన్నీ ఫొటోలు తీశారు. ఫిల్ము ఇవ్వకపోవడం సూపరింటెండెంటు గారి తప్పు. తరవాత జరిగింది మాత్రం నాది.

అద్దం కింద బల్బు పెట్టిన బల్ల ఒకటి నాకు ఉండేది. దాని మీద పేజీ పరిస్తే ప్రతి చిల్లూ వెలుగుతుంది. ఆ పుస్తకంలో రెండు రకాల చిల్లులున్నాయి. కొన్ని వంకరటింకరగా, ఒక పేజీలోంచి ఇంకో పేజీలోకి సొరంగంలా పోయాయి. అవి పురుగువి. మరికొన్ని ఆవగింజ కంటే చిన్నవి, గుండ్రటివి. అక్షరాల నెత్తి మీద వరసగా ఉన్నాయి. ఒకచోట ఒకటి, ఒకచోట రెండు, ఇంకోచోట మూడు. వాటి అంచులు ఒకేవైపు పైకి లేచి ఉన్నాయి. పురుగు అలా తినదు. ఇదంతా నేను చూశాను. నా కన్నుకు తెలిసింది, చేయి ఆగలేదు. ముత్యాలు గారు అప్పటికి పోయారు. బతికుంటే నా మణికట్టు పట్టుకునేవారు.

పద్దెనిమిది రోజులు కూర్చుని ఒక్క చిల్లు కూడా వదలకుండా పూడ్చాను.

ఎగ్జిబిషన్ రోజున సూపరింటెండెంటు గారు తెరిచిపెట్టిన పేజీని అరచేత్తో నిమిరారు. "అద్దంలా ఉందయ్యా," అన్నారు. నా ఉద్యోగం మొత్తంలో ఆఫీసర్ల నోట నాకు దక్కిన మెచ్చుకోలు అదొక్కటే. దేనికి దక్కిందో చూడండి. పక్కన అట్టముక్క మీద 'క్రైస్తవ కీర్తనలు' అని రాసి ఉంది.

తిరిగి ఇచ్చిన రోజు

ఎగ్జిబిషన్ అయ్యాక పుస్తకాన్ని పట్టుబట్ట సంచిలో పెట్టుకుని నరసాపురం వెళ్ళాను. మళ్ళీ శుక్రవారమే. ఈసారి ఉందామనే వెళ్ళాను. మెచ్చుకుంటారని ఆశ.

ముందు గదిలో పది పన్నెండు మంది చాపల మీద కూర్చున్నారు. ప్రార్థనకు ద్రాక్షసారా బదులు, ఎండు ద్రాక్ష నానబెట్టి పిండిన నీళ్ళు ఒక వెండి గిన్నెలో ఉన్నాయి. లేయమ్మ గారు దీపాలు వెలిగించి, కనబడని కళ్ళను అరచేతులతో మూసుకున్నారు. తరవాత పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నారు. ఎస్తేరు పక్కన కూర్చుని మాట అందించాలి, ఆవిడ పాట ఎత్తుకోవాలి. అదీ వాళ్ళ పద్ధతి.

ఆవిడ వేలు పేజీ మీద కదిలింది. ఆగింది. వెనక్కి వచ్చి మళ్ళీ కదిలింది. పేజీ తిప్పారు. ఇంకోటి తిప్పారు.

"ఎస్తేరూ, ఇది మన పుస్తకమేనటే?"

"మనదే అత్తా."

"ఇందులో ఏమీ లేదే."

"అక్షరాలన్నీ ఉన్నాయత్తా."

"అక్షరాలు నాకెందుకే?" అని నా వైపు తిరిగారు. "బాబూ, చిల్లులేవి?"

"అన్నీ పూడ్చేశానండి," అన్నాను. "ఒక్కటి కూడా తెలియదు."

ఎస్తేరు తల వంచుకుని చెప్పింది. లేయమ్మ గారి నాయనమ్మకు మాటలు రాయడం వచ్చింది గానీ రాగం రాయడం ఎలాగో తెలియలేదు. లేసు అల్లే మనిషి కాబట్టి సూదితో రాసింది. అక్షరం మీద ఒక పోటు ఉంటే గొంతు లేపాలి. రెండుంటే సాగదీయాలి. మూడుంటే దించాలి. ఆ ఇంటి ఆడవాళ్ళందరూ చిన్నప్పటి నుంచి ఆ పోట్ల మీద వేలు నడుపుతూ పాటలు నేర్చుకున్నారు. ఎస్తేరు ఇంకా సగమే నేర్చుకుంది.

లేయమ్మ గారు మొదటి పాట జ్ఞాపకం మీద పాడారు. రెండోదానిలో ఒకచోట గొంతు లేచి, ఎటు వెళ్ళాలో తెలియక అక్కడే నిలబడిపోయింది. "మిగతాది మనసులో అనుకోండి," అన్నారు అందరితో. అందరూ తలలు వంచుకుని మనసులో అనుకున్నారు.

నన్ను చిన్నబుచ్చినవాళ్ళ జాబితా నా దగ్గర పెద్దదే ఉంది. ఆ సాయంత్రం ఆవిడ ఒక్క మాట అన్నా ఆ జాబితాలో చేర్చుకుని ఊరట పడేవాడిని. ఏమీ అనలేదు. భోజనం పెట్టించారు.

ఆదివారాలు

పేజీని దీపానికి ఎదురుగా పట్టుకుంటే నేను నింపిన గుజ్జు కొంచెం లేతగా కనబడుతుంది. కానీ ఏది పురుగు చిల్లో, ఏది సూది పోటో చెప్పలేను. అంత నున్నగా రుద్దాను. తరవాతి ఆదివారం వెళ్ళి, మీరు పాడుతుంటే మళ్ళీ వాటిలోనే పొడుస్తానన్నాను.

"పాతదాన్ని వదిలెయ్," అన్నారు. "ఒకసారి చంపావు, చాలు. కొత్తది రాయి."

అప్పటి నుంచి ప్రతి ఆదివారం ధవళేశ్వరంలో మా ఇంటి నుంచి బయల్దేరి, బ్యారేజీ దాటి, నిడదవోలులో నరసాపురం బండి ఎక్కేవాడిని. మందపాటి చేతి కాగితం మీద పెద్ద అక్షరాలతో పాట రాసుకెళ్ళేవాడిని. మడత పెట్టిన తువ్వాలు మీద కాగితం పరిచి, ఆవిడ చేతిని ఒక్కో అక్షరం దగ్గరికి తీసుకెళ్ళేవాడిని. ఆవిడ పాడుతూ పొడిచేవారు.

"నా వేలు కాదయ్యా, అక్షరం పట్టుకో. ఉద్యోగం ఎలా చేస్తున్నావో ఏంటో."

"పూడ్చడమే నేర్చుకున్నానండి."

"ఇప్పుడు పొడవడం నేర్చుకో. పెన్షను పెంచుతారు."

టేపు రికార్డరు తెస్తే సరిపోయేది కదా అని మీరు అడుగుతారు. తెచ్చాను. ఆవిడ వద్దన్నారు. "నేను పోయాక వీళ్ళు ఆ పెట్టె ముందు కూర్చుని వింటారు. వినడం మొదలుపెడితే పాడడం మానేస్తారు."

ఒకసారి గులకరాళ్ళు తెమ్మన్నారు. వాళ్ళు సమాధి మీద పూలు పెట్టరు, రాయి పెడతారు. నరసాపురం చుట్టూ ఉన్నదంతా ఒండ్రుమట్టి, ఎంత తవ్వినా రాయి తగలదు. రైలు పట్టాల కంకర తెచ్చుకుంటే గ్యాంగుమన్ తిట్టాడట. ధవళేశ్వరం దగ్గర గోదావరి ఒడ్డున ఏరి, టిఫిను సంచిలో పట్టుకెళ్ళాను. ఆవిడ ఒక్కొక్కటీ చేత్తో తడిమి, "ఇది నాన్నకి, ఇది నాయనమ్మకి," అని పంచారు. నునుపుగా ఉన్నదాన్ని పక్కన పెట్టారు. "ఇది నాకు."

గుర్తురాని చోట ఆవిడ సూది గాలిలో ఆగేది. ఒకసారి నేను తొందరపడ్డాను. "ఇక్కడ పైకి వెళుతుందేమోనండి. పోయిన పాటలో ఇలాంటి చోట అలాగే వెళ్ళింది."

"ఏమో అనుకుని పొడిస్తే రేపటికి అదే నిజమైపోతుంది. గుర్తులేని చోట ఖాళీ వదులు. ఎస్తేరుకు అక్కడ ఏదో ఉండేదనైనా తెలుస్తుంది."

రెండేళ్ళు పట్టింది. దాదాపు అన్నీ నిండాయి. ఆఖరి పాట మాత్రం మిగిలింది. అది శనివారం సాయంత్రం, ఆకాశంలో మూడు చుక్కలు కనబడ్డాక, ఆ రోజును సాగనంపుతూ పాడేది. అందులో రెండు వరసలు ఆవిడకు ఆదివారం గుర్తొచ్చేవి కావు.

"శనివారం పొద్దుగూకేటప్పుడు వస్తుంది బాబూ. అప్పుడు సూది పట్టకూడదు. తెల్లారేసరికి పోతుంది."

అందుకని ఒక శనివారం వెళ్ళాను. శ్రావణ మాసం. శనివారం ముగిసి మూడో చుక్క కనబడగానే పొడవాలని కాగితం, సూది సిద్ధం చేసుకుని కూర్చున్నాను. పొద్దు వాలింది. లేయమ్మ గారు ఆ రెండు వరసలూ తమలో తాము పాడుకోవడం మొదలుపెట్టారు. మర్చిపోకుండా మళ్ళీ మళ్ళీ పాడారు. అప్పటికి గొంతు ఎక్కడ లేస్తుందో, ఎక్కడ సాగుతుందో నాకు తెలుస్తోంది.

"ఎస్తేరూ, చుక్కలు చూడు."

"రెండున్నాయత్తా. మూడోది మబ్బులో ఉంది."

వాన మొదలైంది. గోడవతల నుంచి సుబ్బులు గారు అరిచారు. "లేయమ్మా, వానలో చుక్కలెక్కడివే! గడియారం చూసుకోండి!"

"మా నాయనమ్మ గడియారం చూడలేదే," అన్నారు లేయమ్మ గారు. మళ్ళీ పాడారు.

నా చేతిలో సూది ఉంది. ఆవిడకు కనబడదు. ఎస్తేరు వాకిట్లో ఆకాశం వైపు చూస్తోంది. పది పోట్లు, పన్నెండు పోట్లు. పొడిస్తే ఎవరికీ తెలిసేది కాదు. బుద్ధిగా ఆలోచించే ఏ రికార్డుల ఉద్యోగైనా పొడిచి ఉండేవాడు. నేను సూదిని తువ్వాలులో గుచ్చి చేతులు కట్టుకున్నాను.

వాన వెలిసి మూడో చుక్క కనబడేసరికి ఆవిడ నోటిలో పాట లేదు.

"పోయింది బాబూ," అన్నారు. "నువ్వు పొడవలేదు కదా?"

"లేదండి."

"తెలుసు. కాగితం చప్పుడు కాలేదు." నా చెయ్యి వెతికి పట్టుకున్నారు. "వచ్చే శనివారం చూద్దాం."

కుండ

వచ్చే శనివారానికి ఆవిడ మంచం మీద ఉన్నారు. ఆ పై శనివారానికి లేరు.

వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. చదవడానికి పనికిరాకుండా పోయిన ప్రార్థన పుస్తకాన్ని పారేయరు, కాల్చరు. మనిషిలాగే మట్టి చేస్తారు. పాత పుస్తకాన్ని మట్టి కుండలో పెట్టి తన పక్కనే పాతిపెట్టమని లేయమ్మ గారు ముందే చెప్పారట. ఆ సంగతి తెలిసి సూపరింటెండెంటు గారు నన్ను పిలిచారు. "మనం బాగుచేసిన పుస్తకం అది. వెళ్ళి స్వాధీనం చేసుకురా."

"అది ఆవిడదండి."

"ఆవిడ లేదుగా."

వెళ్ళాను. శ్మశానంలో ఎస్తేరు కుండ పట్టుకుని నిలబడి ఉంది. "మీరేమంటారు సార్?" అంది. ఒక్క ముక్క కాగితం కూడా మట్టిపాలు కాకూడదని జీవితమంతా కొట్లాడినవాడిని. పుస్తకాన్ని నా చేత్తోనే కుండలో పెట్టి, మూత మీద గుడ్డ కట్టాను. ఆవిడ పక్కన పెట్టుకున్న నున్నటి రాయిని ఆవిడ సమాధి మీద పెట్టాను.

నాకు మెమో ఇచ్చారు. ప్రభుత్వ శ్రమతో బాగుచేసిన రికార్డును పూడ్చిపెట్టుటకు సహకరించినందుకు అని అందులో ఉంది. అన్నేళ్ళలో ఆ ఆఫీసు నా పేరును ఇంటిపేరుతో సహా తప్పుల్లేకుండా రాసింది ఆ ఒక్క కాగితంలోనే. దానికి పదకొండు పేజీల జవాబు ఇచ్చాను. ఆఖరి పేజీలో, రిజిస్టరులో ఇంకా క్రైస్తవ కీర్తనలు అనే ఉందని గుర్తు చేశాను. ఇంకా అలాగే ఉంది.

కింది కాగితం

ఇప్పుడు ఆ సందులో శనివారం వాళ్ళెవరూ లేరు. ఎస్తేరు పెళ్ళి చేసుకుని బొంబాయి వెళ్ళింది. అక్కడ వాళ్ళ మనుషులు ఉన్నారు. కొత్త పుస్తకం తనతోనే ఉంది. మొన్న ఫోను చేసింది. "సార్, ఆఖరి పాటలో ఆ రెండు వరసలు వచ్చినప్పుడు మేం వేలు కదుపుతూ ఊరుకుంటాం. ఇక్కడివాళ్ళు కూడా ఊరుకుంటున్నారు. పాట అలాగే ఉంటుందనుకుంటున్నారు," అంది.

నా దగ్గర ఒకటుంది. లేయమ్మ గారు పొడిచేటప్పుడు తువ్వాలుకూ పై కాగితానికీ మధ్య ఇంకో కాగితం పరిచేవాడిని, అలవాటు కొద్దీ. పోట్లు దాని మీదా పడ్డాయి. ఆఖరి పాట కింద పరిచింది నా దగ్గరే ఉండిపోయింది. అందులో అక్షరాలు లేవు, చిల్లులే ఉన్నాయి.

నా కళ్ళు కూడా మసకబారాయి. శనివారం సాయంత్రాలు ధవళేశ్వరంలో మా వాకిట్లో కుర్చీ వేసుకుని ఆ కాగితం ఒళ్ళో పెట్టుకుంటాను. నాకు గొంతు లేదు, పాడను. వేలు నడుపుతాను. ఆ రెండు వరసల దగ్గరికి వచ్చేసరికి కాగితం నున్నగా తగులుతుంది. ఆ రోజు ఆవిడ వేలికి పుస్తకమంతా ఇలాగే తగిలి ఉంటుంది.

అక్కడ ఆగుతాను. ఇప్పుడు నాకు బండి లేదు, ఎగ్జిబిషన్ లేదు. పొద్దుగూకేదాకా ఉంటాను.